మూడు దగ్గుల నూనె

సితీయా వెనక కొండ మీద ఎర్గినీవి నూట నలభై ఆలివ్ చెట్లు.
ప్రతి ఏడాదీ మొదటి డబ్బా మీద
వడ్రంగి పెన్సిలుతో ఒక్క మాట రాస్తుంది.
ఒక ఏడాది: మెత్తన. ఒక ఏడాది: ఈగ.
ఒక ఏడాది రాసింది చెరిపేసి, మళ్ళీ అదే రాసింది.

ఫిబ్రవరిలో కొమ్మలు కొట్టేటప్పుడు
తమ్ముడు మనూసోస్ అన్నాడు,
పోయినేడు విరగ్గాసింది కదా, ఈసారి చెట్టు పడుకుంటుందని.
చెట్టు పడుకోలేదు.
మే మొదటి వారానికి పూత,
ఆకు కనపడనంత, మీగడ రంగులో,
తుమ్మితే రాలేంత సన్నగా.

అప్పుడొచ్చింది లీవాస్,
సముద్రం అవతలి ఎడారి కన్న గాలి.
మూడు పగళ్ళు, రెండు రాత్రులు
ఆకాశం పసుపు కలిపిన నీళ్ళు.
దండెం మీద దుప్పట్లు మట్టిరంగు తేలాయి.
నాలుగో పొద్దున చెట్ల కింద నడిస్తే
చెప్పుల కింద పూత అటుకుల్లా నలిగింది.
వందకి ఎన్ని నిలిచాయో ఎర్గినీ లెక్కపెట్టలేదు.
మనూసోస్ లెక్కపెట్టాడు. చెప్పలేదు.

జూలైలో, లోపల గింజ గట్టిపడే వేళ,
బావిలో బకెట్ చప్పుడు మారింది.
నీటి చప్పుడు పోయి రాతి చప్పుడు.
దాహంలో చెట్టుకు తెలిసిన పని ఒకటే,
ఉన్నవాటిలో కొన్నిటిని వదిలెయ్యడం.
రాత్రిళ్ళు ఎండుగడ్డి మీద టప్, టప్ మని పిందెలు రాలుతుంటే
ఆమె కిటికీ మూసి పడుకుంది.

ఆగస్టులో నలభై రెండు డిగ్రీలు, పదకొండు రోజులు.
ఆ ఎండకి కాయ తొలిచే ఈగ కూడా చచ్చింది.
ఇదొక్కటీ లాభమే అన్నాడు మనూసోస్,
శవం దగ్గర మంచిమాట వెతుక్కునేవాడిలా.

వాన సెప్టెంబరు ఇరవై ఆరున. అరగంట.
ముడతలు పడ్డ కాయలు
రెండు రోజుల్లో బుగ్గలు పూరించుకున్నాయి.
నవంబరు దాకా ఆగు, నూనె ఎక్కుతుంది, అన్నాడు.
ఎక్కేది నీకు తెలుసు, దిగేది తెలీదు, అంది.
అక్టోబరు పదకొండున, కాయ ఇంకా పచ్చిగా
చేతికి రానని మొరాయిస్తుండగానే
వలలు పరిచి కొమ్మల్ని దువ్వాం,
చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టు.

గానుగ అనడమే గాని అక్కడ రాయి లేదు, తిరిగేది స్టీలు.
స్త్రాతిస్ వేడిని ఇరవై అయిదు దాటనివ్వడు,
జ్వరం చూసే తల్లిలా గాజు మీద చెయ్యేసి నిలబడతాడు.
తొమ్మిది కిలోల కాయకి ఒక కిలో.
మంచి ఏడాది అయిదుకే వచ్చేది.
అంకె రాసిన కాగితాన్ని బోర్లించి ఇచ్చాడు.

రాత్రి ఒంటిగంటకి గొట్టం చివర తొలి ధార.
కోసిన గడ్డి, నలిపిన టమాటా ఆకు, పచ్చి బాదం తొక్క.
ఎర్గినీ రొట్టె ముంచలేదు. రొట్టె అబద్ధం చెబుతుందట.
చిన్న గ్లాసులో పోసి, అరచేత్తో మూసి వెచ్చజేసి, తాగింది.

మొదట వగరు, నాలుక అంచుల్ని లోపలికి లాగుతూ.
తర్వాత చేదు.
తర్వాత కాసేపు ఏమీ లేదు.
ఆ తర్వాత గొంతులో
లీవాస్.

దగ్గింది. మళ్ళీ దగ్గింది.
మూడోసారి కళ్ళలో నీళ్ళు.

వలలు మోసే కూలివాణ్ణి, నాకు మా మాట గుర్తొచ్చింది.
పొలమారింది అంటాం మేము,
ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం.
నేను తట్టలేదు. ఆమె నాకు జీతమిచ్చే మనిషి.
కానీ పొలమే మారింది, నా కళ్ళ ముందే,
కొండ మీంచి గొంతులోకి,
నీళ్ళు లేని జూలైతో సహా,
రాలనని మొండికేసిన ప్రతి కాయతో సహా.

మనూసోస్ కూడా తాగాడు.
ఒక్కసారే దగ్గాడు, మర్యాదకి.

ఆరు డబ్బాలు, ఏడోదానిలో సగం.
పోయినేడు ముప్ఫై ఆరు.
మొదటిదాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని పెన్సిలు తీసింది.
బయట వ్యాను హారన్ కొడుతోంది.
ఈసారి రెండు మాటలు రాసింది:
కొంచెం చాలు.
వంట గురించో, మరి దేని గురించో.
అడుగుదామనుకునేలోపు
డబ్బా ఎత్తి నా చేతికిచ్చింది.