ఆ మాటకు ముందు

గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే షెడ్డు ఎదుట
రైలింగ్‌కి ఎవరో
ఎర్ర ఊలు గ్లౌజు ఒకటి తగిలించారు.
ఎడమచేతిది.
మధ్యాహ్నానికి పదకొండయ్యాయి,
దేనికీ జోడు లేదు.

దారినపోయే కుర్రాళ్ళు ఫోటోలు తీసుకున్నారు, అర్థం కాక.
మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
థెల్మా కాథోర్న్ పోయింది.

గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు
ప్రతివారం టీవీలో ఆమె ఒక గ్లౌజు పారేసుకునేది.
బస్సు కండక్టరును అనుమానించేది,
చర్చి ఫాదరును అనుమానించేది,
ఒకసారి ఏకంగా మేయరు జేబులో చెయ్యి పెట్టి వెతికింది.
అదేమో ఆమె టోపీకే పిన్నుతో గుచ్చి ఉండేది.
మా వీధిలో మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు.
ఆమెకే తెలియదు.
ఆ తెలియకపోవడం కోసమే
పళ్ళెంలో బంగాళాదుంపలు చల్లారిపోతున్నా
కదలకుండా కూర్చునేవాళ్ళం.

ఇరవై రెండేళ్ళు హాడక్ చేపలు కోశాను నేను.
జనవరిలో గ్లౌజు పోతే నవ్వు రాదు,
వేళ్ళు పోతాయి.
అయినా నవ్వేవాళ్ళం.

మా నాన్న మాత్రం నవ్వే మనిషి కాదు.
ఆయన ఎక్కాల్సిన ట్రాలర్‌లో
ఆయన తమ్ముడు ఎక్కాడు.
ఐస్‌లాండ్ వైపు వెళ్ళింది అది, అంతే.
అప్పట్నించీ మా ఇంట్లో కెటిల్ కూడా
అడిగి ఈల వేసేది.

మేయరు జేబు రాత్రి
ఆయన గొంతులో ఏదో తెగింది.
గుండె పట్టేసిందనుకుని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.
కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి.
వాటిని తడుముకుంటూ కూడా నవ్వాడు
బోసినోటితో.
ఆ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ టేపు ఇప్పుడు లేదు.
టేపులు అప్పట్లో ప్రియమట,
దాని మీదే గుర్రప్పందాలు రికార్డు చేసుకున్నారట.
మా నాన్న నవ్విన చోట
ఇప్పుడు గుర్రాలు పరిగెడుతున్నాయి.

అందుకని ఆదివారం, పబ్బు మేడ మీది గదిలో
తొమ్మిదిమందిమి చేరాం,
పోయిన ఆ అరగంటను నోటితో తిరిగి కట్టుకుందామని.
తలుపు ఎటు తెరుచుకునేదో సెల్విన్‌కు గుర్తు.
కండక్టరు మాటలన్నీ గ్వెండాకు కంఠతా వచ్చు.
ఆ ఒక్క మాట దగ్గరే పేచీ.

"మీ జేబు మా ఇంటికన్నా వెచ్చగా ఉందండీ" అంది, అని సెల్విన్.
కాదు, "ఇందులో ఇంకెవరి చెయ్యో ఉంది" అంది, అని గ్వెండా.
ఎనభై నాలుగేళ్ళ ఆబ్రే బల్ల గుద్దాడు,
"ఆవిడ అసలేమీ అనలేదు!"
బీరు ఒలికింది.
నలభై ఏళ్ళ స్నేహాలు కాసేపు ముఖాలు తిప్పుకున్నాయి.

ఒక్క సంగతిలో మాత్రం గొడవ లేదు:
మాటకు ముందు ఆగేది.
జేబులో చెయ్యి అలాగే ఉంచి
మేయరు వైపు కాదు, మా వైపు కాదు,
కొంచెం పక్కకి,
ఆరేసిన బట్టలు గుర్తొచ్చి
ఆకాశం చూసినట్టు చూసేది.
ఎంతసేపంటే ఏం చెప్పను,
తీసుకున్న ఊపిరి వదలడం మర్చిపోయేంతసేపు.

పోయినవాళ్ళకు నిమిషం మౌనం పాటిస్తారు.
మేం పాటించలేదు.
నేను లేచి
ఆబ్రే కోటు జేబులో చెయ్యి పెట్టి
పక్కకి చూశాను.
కిటికీ. తుప్పు పట్టిన క్రేను. దాని మీద ఒక సీగల్.
ఎవరూ కదల్లేదు.
తర్వాతి మాట ఏదో ఎవరికీ తెలియదు గనక
ఆ ఆగడం ఆగలేదు.

అప్పుడు వేళ్ళకు తగిలింది,
ఊలు.

రైలింగ్‌కి తగిలిద్దామని తెచ్చాడట, భార్యది.
అక్కడిదాకా వెళ్ళి, మనసొప్పక,
జేబులో వేసుకుని వచ్చేశాడట.
దొరికిపోయిన దొంగలా చూశాడు.
గ్వెండా అనుకుంటా, ముందు పగలబడింది.
తర్వాత ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో
లెక్క పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

కళ్ళు తుడుచుకోమని
ఆ గ్లౌజే నాకిచ్చాడు ఆబ్రే.
మెట్లు దిగేలోగా
రెండుసార్లు అడిగి
వెనక్కి తీసుకున్నాడు.