పిల్లికూత

మాదాపూర్ నుంచి వచ్చినతను
గోడ మీద రంగుల పటాలు తిప్పుతూ
"ఇక తాండూరే మీ టేబుల్ దగ్గరికి వస్తుంది డాక్టరుగారూ" అన్నప్పుడు
గదిలో నేను, డాక్టర్ హైమ, ఆడిటరు,
ఎందుకొచ్చాడో తెలియని ఆడిటరు బావమరిది.

తలుపు బయట ఇలియాస్
స్విచ్‌బోర్డు మూత విప్పి
పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని ఉన్నాడు.
మూసారాంబాగ్‌లో మా ఈ రెండంతస్తుల్లో
ఏ తీగ ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో
పదకొండేళ్ళుగా అతనికే తెలుసు.
లోపలికి రమ్మని ఎవరమూ అనలేదు.

పక్కగదిలో సువార్త
ఊపిరి కొలిచే గొట్టానికి అట్టమూతి తొడుగుతూ
"ఊదు తాతా, ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటోంది.
ఆమెనూ పిలవలేదు.
ఎందుకంటే జవాబు లేదు.
అప్పుడెవరూ అడగలేదు కూడా.

సోమవారం
కెమెరా నెత్తిన కుంకుమ పెట్టి మొదలుపెట్టాం.
మొదటి పేషెంటు బుగ్గప్ప.
ముప్పై ఏళ్ళు నాపరాళ్ళు నున్నగా చేసి
ఆ నునుపంతా ఛాతీలో గరుకుగా దాచుకున్నవాడు.
ఇదివరకు తెల్లవారుజాము రైలుకి వచ్చి
మా మెట్లెక్కుతూ
ఐదో మెట్టు దగ్గర ఒకసారి
పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి ఆగి
ఆ తర్వాతే నా ముందు కూర్చునేవాడు.
ఆ ఆగడంలోనే సగం రోగం నాకు తెలిసిపోయేది.

తెర మీద మెట్లు లేవు.

"ఎట్లున్నవ్ బుగ్గప్పా?"
"మంచిగనే ఉన్న సారూ."
మాటకీ మాటకీ నడుమ
కడిగి బోర్లించిన పళ్ళెంలాంటి నిశ్శబ్దం.
మంచిదే అనుకున్నాను.
మందు తగ్గించి రాశాను.

అంతలో బొమ్మ బిగుసుకుపోయింది,
బుగ్గప్ప నోరు సగం తెరిచి.
ఇలియాస్ వచ్చి బల్ల కిందికి దూరాడు.
"లిఫ్టు పైకి పోయినప్పుడల్లా గిట్లనే అయితది సార్,
రౌటర్‌ని ఇన్వర్టర్ మీదికి మార్చాలె.
ముందుగాల అడిగితే చెప్తుంటి గదా."
తిట్టినట్టు లేదు. అందుకే తగిలింది.

ఫైలు పెట్టడానికొచ్చిన సువార్త
కదలని ఆ బొమ్మ ముందు కదలకుండా నిలబడింది.
"సార్, ఆ భుజాలు చూడండి.
మెడ పక్కన గుంటలు చూడండి.
పిల్లికూతలు లేకుండా ఇట్లా ఉండడు."
"నాకేం వినపడలేదే!"
బల్ల కింది నుంచి ఇలియాస్:
"సప్పుడు తుడిచే మీట ఒకటుంది సార్ దీంట్ల.
ఫ్యాను, హారను, కుక్క, అన్నీ తుడుస్తది.
తాత దమ్ము గూడా ఫ్యానే అనుకున్నట్టుంది."

ఆ మీట ఆపేశాడు.

ముందు తాండూరు వచ్చింది:
బండలు కోసే రంపం, ఎవరిదో కోడి,
చార్జరు కోసం మనవరాలి కేకలు.
వాటన్నిటి అడుగున, సన్నగా, పొడుగ్గా,
తలుపు సందులో ఇరుక్కున్న పిల్లి.

పేషెంటు ఛాతీలో పిల్లికూత విని
అమ్మయ్య అనుకున్న డాక్టర్ని నేనొక్కణ్ణేనేమో.
ఆ వెంటనే సిగ్గేసింది.
రాసింది చింపేద్దామంటే చేతిలో చీటీ లేదు.
ఎక్కడ నొక్కితే చెరుగుతుందో
సువార్తే చూపించింది.

బుధవారం మళ్ళీ కూర్చున్నాం.
కుర్చీ వేస్తే ఇలియాస్ కూర్చోలేదు,
అలవాటైన బ్యాటరీ డబ్బా మీదే సర్దుకున్నాడు.
సువార్త క్యాలెండర్ కాగితం వెనక రాసుకొచ్చింది:
వెలుతురు మొహం మీద పడాలి, వీపు మీద కాదు.
పై గుండీలు రెండు విప్పించాలి.
ఒక్క దమ్ములో అంకెలు లెక్కపెట్టించాలి,
"మన మెట్లు ఎక్కించినట్టే సార్."
మాదాపూర్ అతను తలూపి
తన పుస్తకంలో 'స్టెప్స్' అని రాసుకున్నాడు.

బుగ్గప్పని పిలిచాం.
ఒకటి, రెండు, మూడు...
నడుమ లిఫ్టు పైకి పోయింది,
గదిలో ట్యూబులైటు ఒక్కసారి వణికింది.
ఏడు, ఎనిమిది,
తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

ముగ్గురం ఇలియాస్ వంక చూశాం.
"లైను మంచిగనే ఉంది సార్" అన్నాడు మెల్లగా.
"ఆగింది తాతనే."