అగ్గిపెట్టె

ధర్మాబాద్ స్టేషన్ అవతల, మిరపకాయ గోదాములు దాటినంక
మూతబడ్డ జిన్నింగు మిల్లు
కిరాయికి పట్టినం, నేనూ సుమన్‌తాయీ.
రేకులకు పన్నెండు చిల్లులు.
అడుగుపెట్టంగనే
పట్టపగలు చుక్కలు చూపిచ్చింది.

ఎంత ఊడ్చినా దూదే.
దూలాల మీద దూది, ఫ్యాను రెక్కల మీద దూది,
సాలెగూళ్ళు సుత తెల్లగ కాసిన చేను లెక్క.
మూడు దినాలు మాకిద్దరికీ
ముసలితనం ఒచ్చిపోయింది.

పత్తి జోకిన కాంటా పడేయలే.
దాని మీద ఇప్పుడు బియ్యం బస్తా కూసుంటది.
మిషన్లు పీకిన గుంతలల్ల మొరం నింపి
వరుసగ పొయ్యిలు కట్టిచ్చినం.
ఇంత పెద్ద వంటిల్లు
మా అత్తగారి వంశంల ఎవ్వరికీ లేదు.

గోడ మీది రాత ఒక్కటే పోలే.
ఎర్ర రంగు, మరాఠీ:
'ఆగ్‌పేటీ ఆణూ నయే.'
రెండుమాట్ల సున్నం కొట్టినం.
రెండుమాట్లా పైకి తేలింది,
ఉతికినా పోని పసుపు మరక లెక్క.

హన్మాండ్లు తాత
ముప్పై ఏండ్లు ఈ గేటుకాడ జేబులు తడిమిన మనిషి.
బీడీకట్టలు డబ్బాల ఏసి
పొద్దూకినంక లెక్కతోని వాపసిచ్చినోడు.
తూర్పు గోదాం కాలిన రాత్రి
ఎవరి జేబు మరిచిన్నో అని
ఇప్పటికీ వేళ్ళు మడిచి లెక్కపెడుతడు.
'కావలికి ఉంట బిడ్డా' అన్నడు.
జీతం మాట అడగలే.

మొదటి ఆర్డరు బిలోలి పెండ్లి, నాలుగు వందల ఆకులు.
పిల్ల తరఫుకు బగారన్నం,
పిల్లగాని తరఫుకు పూరణ్‌పోళీ,
వంకాయ కూర ఎవరిదని
మేమిద్దరం ఇంకా కొట్లాడుతనే ఉన్నం.

తెల్లారుజాము మూడు.
'పొయ్యి నువ్వే అంటియ్యి తాతా' అన్న.
ఆయన ముందుగాల
అలవాటుగ నా చేతిసంచి తడిమిండు.
దొరికింది అగ్గిపెట్టె.
చానాసేపు చేతిల పట్టుకొని నిలవడ్డడు,
గుంజుకోవాల్నా, గియ్యాల్నా
తెలువనట్టు.

రెండు పుల్లలు విరిగినయ్.
మూడోది అంటుకుంది.
దూలం సందుల మిగిలిన దూది
ఆ ఎలుగుకు ఎర్రగ కనవడ్డది.

ఆవాలు చిటపటమంటే ఉలిక్కిపడి
ఇసుక బకీటు పక్కకు పోయి నిలవడ్డడు.
పెండ్లి బండి కదిలినంక
పళ్ళెం ఆడికే తీస్కపోయి ఇచ్చినం.
పీట ఏసినా కూసోలే.
గచ్చు మీద పళ్ళెం పెట్టుకొని, గొంతుకూసోని,
ఒక చేత్తో అన్నం కలుపుకున్నడు,
రెండోది బకీటు కాడ మీదనే.