ఎడమకాలు

పొద్దున ఐదున్నర, గ్రీమ్స్‌పేట గ్రౌండు.
జ్యూసు ఫ్యాక్టరీ గాలికి తోతాపురి కుళ్ళు వాసన.
"ఢిల్లీబాబూ, ఎడమకాలితో!"
మునిరత్నం సారు విజిలు
నా చెవిలోనే కాపరం.

కుడికాలితోనే కొట్నా, కావాలనే.
గోడ దాటి కాలవలో పడింది బంతి.
పది రౌండ్లన్నాడు.
పదకొండు పరిగెత్తినా.
ఆ ఒక్కటీ ఆయప్ప చెప్పింది కాదు,
నాది.

మాపటేళ
చెప్పులు మర్చిపోయి తిరిగొస్తే
కాలవలో సారు,
ప్యాంటు తొడల దాకా మడిచి.
కుడిమోకాటి మీద కుట్లు,
జెర్రి పాకినట్టు.
నన్ను చూసి
నీళ్ళలోనే ప్యాంటు దించేసినాడు.

"ఏందిరా చూస్తా ఉండావు? పట్టు."
బురద బంతి.
ఎడమకాలితో ఆపినా.

బాగుందని చచ్చినా అన్లేదు.
"మడమ వంకర.
రేపు పన్నెండు."