వేడెక్కేదాకా

ఒతారులో మంచు తెల్లారకముందే పని మొదలుపెడుతుంది.
దానికంటే ముందు లేచేవాడు మినెగిషి.
షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి,
కిరోసిన్ పొయ్యి కూడా ముట్టించకుండా
మూలనున్న ఆ పెట్టెకి ప్లగ్గు పెట్టేవాడు.
తక్కినవన్నీ తర్వాత.

ఎనభై ఐదు చివరి చలికాలం అది.
ఆ ఆట జ్ఞాపకం బుడగల్లో ఉండేది,
నిజంగానే, అయస్కాంతపు బుడగల్లో.
ఒళ్ళు వెచ్చబడితే తప్ప దానికి ఆకాశం గుర్తురాదు.
తెరమీద అంకెలు తొంభై తొమ్మిది నుంచి దిగుతుంటే
ఓ చిన్న పాట మోగేది,
ఖాళీ నిమిషం మీద కప్పిన దుప్పటిలాగా.
చేపల మార్కెట్లో పెట్టెలు దించి వచ్చిన హమయా
పొలుసులంటిన వేళ్ళని
యంత్రం వీపున గాలికన్నాల దగ్గర కాచుకుంటూ వినేవాడు.
ఫిబ్రవరిలో మాత్రం
అంకెలు సున్నాకి దిగినా దానికి మెలకువ రాదు.
మినెగిషి తన కోటు తీసి కప్పేవాడు.
"ముసలిదాన్ని తొందరపెట్టకు."
అప్పటికి దాని వయసు ఎనిమిది నెలలు.

ఆట సంగతంటారా,
ఎడమనుంచి కుడికి, అంతే.
నువ్వు ఆగినా ఆకాశం ఆగదు,
కొండే నడిచొచ్చి నీకు గుద్దుకుంటుంది.
ఎర్ర గుళికలు ఏరుకుంటూ పోతే
కాస్త వేగం, సూదిలాంటి వెలుగు,
ఆపైన
నువ్వు తిరిగిన మలుపులే తిరుగుతూ
నీ వెనక రెండు బుల్లి దీపాలు.
అన్నీ కూడబెట్టుకున్న ఘడియలో
బియ్యపుగింజంత తూటా ఒకటి.
బేరం మళ్ళీ మొదటికి!
చేతిలో ఉత్త ఓడ.
వచ్చే శత్రువులు మాత్రం
నీ పాత హోదాకి తగ్గట్టే వస్తారు.

షినోబు ఎడమచేతివాటం పిల్ల.
స్కూలు బ్యాగు కాళ్ళసందున నొక్కిపెట్టి
ఒక్క నూరు యెన్ల బిళ్ళతో
యాభై రెండు నిమిషాలు బతికింది ఓసారి.
రాత్రి ప్లగ్గు తీస్తే స్కోరు చచ్చిపోతుంది కనక
మినెగిషి దాన్ని క్యాలెండరు వెనక కుంచెతో రాసి
గోడకి అంటించాడు.
ఆ అంకె కింద కమ్మటి బియ్యం కంపెనీ ప్రకటన, తిరగేసి చూస్తే.

ఎనభై ఎనిమిదిలో రెండోది దిగింది. చిప్పులతో.
మీట నొక్కగానే వెలిగింది, పాట లేదు.
హమయా అలవాటుగా వెనక్కి వెళ్ళి
చేతులు పెట్టి చూశాడు.
ఏమీ అనకుండా జేబుల్లో పెట్టేసుకున్నాడు.

మూడోదాంట్లో గాజు జెల్లీచేపలు
తెర నిండా కమ్ముకుంటే
యంత్రానికే ఆయాసం వచ్చి లోకం నెమ్మదించేది.
ఆ ఆయాసంలోనే షినోబు సందులు వెతుక్కునేది.
అది లోపమట, నాలుగోదాంట్లో సరిదిద్దారు.
ఆమె మూడో దశ దాటలేకపోయింది.

నాలుగోది ఇళ్ళల్లో టీవీల కిందికి పోయింది,
కుర్రాళ్ళూ దాని వెంటే పోయారు.
ఐదోది చేసినవాళ్ళు తలోదారి.
ఆరోది వస్తుందన్నారు, పదేళ్ళు అన్నారు.
వచ్చింది ఏమిటంటే
రైల్వేస్టేషను ఎదుట పచింకో యంత్రం,
దాని నుదుటిమీద మన ఓడ బొమ్మ
కుడికి కాదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ.

మొన్న శీతాకాలం
తొమకొమాయ్ రేవులో క్రేను నడిపే షినోబు
లీవు పెట్టి వచ్చింది.
షట్టరు పడి పదిహేనేళ్ళయిన ఆ ఇంట్లో
టేబులు మీద ఫోను పెట్టింది.
"పాతవన్నీ ఇందులో కలిపి అమ్ముతున్నారు."
మొదటిదాన్ని తెరిస్తే
తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది...
పాట.
ఫోనుకి వెచ్చబడాల్సిన పనేముంది?
మూలన 'దాటవేయి' అని ఓ బొత్తాం కూడా ఉంది.
ఆమె వేలు అటు పోబోయింది.

మినెగిషి ఫోనుని తనవైపు లాక్కున్నాడు.
రెండు అరచేతుల మధ్య, తలకిందులుగా.
సున్నా దాటింది, ఆట మొదలైనట్టు చప్పుడొచ్చింది,
ఎవరో ఢీకొని పోయారు లోపల.

"ఇంకా చల్లగానే ఉంది," అన్నాడు.