కాకిబంగారం

పొదలకూరు రోడ్డులో మా హోముకు వచ్చిన వారానికే
చెంగమ్మ మూడు దుప్పట్లను పోగులు పోగులుగా తీసేసింది.
దినపత్రిక అంచును గోటితో గీకి
ఆ కాగితం కింద ఇంకో కాగితం ఉందేమోనని చూసింది.
అప్పళాన్ని అడ్డంగా చీల్చబోయి, అది పెళుక్కుమంటే
"సరుకు మంచిది కాదు మే" అని నాకే తిరిగిచ్చింది.

ఫైల్లో రాశాను:
చేతులు ఊరుకోవు. రాత్రి నిద్ర లేదు.
మాత్ర పెంచుదామా అన్నారు డాక్టరు గారు.
ఒక్క వారం ఆగమన్నాను.

ఆదివారం చెల్లెలు వజ్రమ్మ వచ్చింది
సైదాపురం నుంచి, సంచీ నిండా నిమ్మకాయలతో.
"ముప్పై ఏండ్లు కాకిబంగారం చీల్చింది గదమ్మా మా యక్క.
రేకును ఎండకు పట్టి చూస్తే
అవతల మనిషి మొగం కనపడాల.
అప్పుడే పాసు."

మర్నాడు ఆఫీసు బీరువా మీది పాత పెళ్ళికార్డులన్నీ
తెచ్చి ముందు పోశాను.
అట్ట మీద అట్ట, మధ్యలో బంగారు కాగితం.
ఎవరెవరి పెళ్ళిళ్ళో
ఆమె ఒడిలో పొరలు పొరలుగా పడ్డాయి.
ఆ మధ్యాహ్నం మొదటిసారి
అన్నం అడిగి తినింది.

ఐదైతే మాత్రం గేటు దగ్గరికి పోతుంది.
"మస్తానయ్యా, కూలి ఇస్తే పోతా, పొద్దుగూకతా ఉండాది."
మస్తానయ్య మేస్త్రి. నేనేనట.
నేను సువార్తను పెద్దమ్మా, నర్సును, నాకు మీసాలేవీ, అన్నాను.
నిజం చెప్పిన ఆ రాత్రి
గేటు కమ్మీ పట్టుకుని కోడికూత దాకా ఏడ్చింది.
మరునాటి నుంచి నాకు మీసాలున్నాయి.

బీపీ రిజిస్టరు చివరి పేజీలో హాజరు.
స్టాంపు ప్యాడు మీద వేలు అద్ది, నీలం ముద్ర.
మూడు ఐదురూపాయల బిళ్ళలు.
లెక్క చూసుకుంటుంది, కొంగున ముడేసుకుంటుంది, పడుకుంటుంది.
పది దాటాక ముడి విప్పి అవే బిళ్ళలు తీసుకుంటాను,
రేపటి కూలికి.
నాలుగు నెలలుగా అవే మూడు బిళ్ళలు.
దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

తలస్నానం రోజు పిడికిలి బిగిస్తుంది.
గోళ్ళు అరచేతిలోకి దిగుతాయి.
కొత్తగా చేరిన షాహీన్ వేళ్ళు లాగబోతే
చెంగమ్మ కసిరింది, అంతా తెలిసిన గొంతుతో:
"కత్తిని నెట్టగూడదు మే.
మొన ఆనించి ఊరుకో. అదే దావ ఇస్తాది."
షాహీన్ బొటనవేలు ఆనించి ఊరుకుంది.
బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. మళ్ళీ కాచాం.
అవీ చల్లారబోతుండగా చిటికెనవేలు లేచింది,
వెనకనే తక్కినవి.
లోపల పెళ్ళికార్డు ముక్క, చెమటకు మెత్తబడి.

మొన్న గాలివానకు కరెంటు పోయిన రాత్రి
నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది:
"మస్తానయ్యా, రెండు దినాల కూలి బాకీ ఉండావు నువ్వు.
సోమవారం చీల్చినా. మంగళవారం చీల్చినా.
బుధవారం కానుపాయె.
వారం నిండలేదని నువ్వు రాయకపోతివి.
ఆ బిడ్డ నిలవలా.
నేను అడగలా."

టార్చి వెలుగులో రిజిస్టరు తెరిచి
సోమ, మంగళ అని రాశాను.
రెండు ముద్రలు.
నా పర్సులోంచి రెండు పదిరూపాయల బిళ్ళలు.
ఆ ముడి మాత్రం విప్పలేదు.

తెల్లారి వజ్రమ్మకు ఫోన్ చేశాను.
బిడ్డా? అంది.
తర్వాత చానాసేపు
అవతల కోళ్ళ అరుపులే వినపడ్డాయి.

శుక్రవారం బట్టల మిషన్లో గలగల చప్పుడు.
ఆయా మిషన్ ఆపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి,
"ఎవరివి సిస్టర్ ఇవి?" అంది.
చెంగమ్మవి, అన్నాను.
తుడిచి ఇచ్చెయ్.