ఇరవై గ్రాముల సాక్షి

పందొమ్మిదేళ్లుగా నా పని ఇదీ:
చిలోయె దీవిలో, కాస్త్రో రేవు వెనక వీధిలో
ఆల్చిప్పల మాంసం రుబ్బి, ఆమ్లంలో కాచి, వడగట్టి
ఇరవై గ్రాముల తెల్ల ఎలుక పొట్టలోకి సూదితో ఎక్కించి
స్టాప్‌వాచ్ నొక్కడం.

ఐదు నిమిషాల్లోపు ఊపిరాగితే రేవు మూత.
మరీ తొందరగా పోతే, నీళ్లు కలిపి ఇంకో ఎలుక.
పావుగంట దాటి అది మీసాలు దువ్వుకుంటే
వానలో నిలబడ్డ పడవలవాళ్లకి
కిటికీలోంచి సైగ చేసేదాన్ని: పొండి, అమ్ముకోండి.

ఎలుకల ముఖం చూడకూడదని
మొదటి వారంలోనే నేర్చుకున్నాను.

ఎర్రనీళ్లని పేరే గానీ
ఆ నీళ్లు అన్నిసార్లూ ఎర్రగా ఉండవు.
విషానికి రంగు లేదు, వాసన లేదు,
ఎంత ఉడికించినా చావదు.
ఎర్సీరా నావెల్కీన్ మొగుడు నిమ్మకాయ పిండుకుని తిన్నాడు,
పెదాలు తిమ్మిరెక్కాయని నవ్వాడు.
ఆ నవ్వు సగంలోనే ఉండిపోయింది.

ఈ ఏడు వాల్దీవియా నుంచి ఒక పిల్ల
గోరంత బంగారు రేకు తెచ్చింది.
దాని మీద కంటికానని డీఎన్ఏ పోగులు,
ఏ ప్రాణిలోంచీ తీయనివి.
కోటానుకోట్ల పోగుల్ని విషానికి చూపించి
అంటనివి కడిగేసి, అంటినవి పెంచి, మళ్లీ చూపించి
పదిహేనుసార్లు చెరిగితే
చేటలో మిగిలిన గింజట. ఆప్టమర్ అంది.
"తనకి కావలసింది దొరికితే చుట్టుకుని ముడుచుకుంటుంది.
ముడుచుకుంటే కరెంటు మారుతుంది. అంతే."

అంతేనా? చావక్కర్లేదా?

నవ్వింది.
నేను నవ్వడానికి అడగలేదు.

చట్టం ఇంకా ఎలుకనే నమ్ముతుంది గనక
రెండూ పక్కపక్కన పెట్టాం.
రేకు అంకె చూపేసి ఊరుకుంది.
ఎలుక నాలుగున్నర నిమిషాలు తీసుకుంది
అదే మాట చెప్పడానికి.

మార్చిలో ఎర్సీరా ఆ పెట్టెని తెప్ప మీదికే పట్టుకుపోయింది.
ఉప్పునీటికి మొదట పిచ్చి అంకెలు చూపిందట,
తిట్టి, తుడిచి, మళ్లీ పెట్టిందట.
మూడోసారి అంకె చూసి
గంపెడు ఆల్చిప్పలు ఎత్తి
సముద్రంలోకే వంపేసింది.
ఎవరితో ఏమీ అనలేదు. పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టుకుంది.

బోనులో ఇంకా పదకొండు ఎలుకలున్నాయి.
రాత్రిళ్లు చక్రం తిప్పుతుంటాయి.
ఈ పోగుకి ఊపిరి లేదు, తెలుసు నాకు.
అయినా తెర మీద గీత వంగినప్పుడల్లా
నా బొటనవేలు
దానంతటదే కదులుతుంది
జేబులో స్టాప్‌వాచ్ మీదికి.